ఎత్తిపోతల గట్టుమీద ఏలుబడి ఎవరిది?



మాచర్ల నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో, నక్కలవాగును తుమ్మలవాగును తనలో కలుపుకొనివచ్చిన చంద్రవంక, సుమారు 70 అడుగుల ఎత్తుగల రాతిచరియ మీదినుండి మడుగులోనికి దూకి, అటనుండి కొండల సందున సాగి కృష్ణను చేరుకొనును. ఆ దూకుచోటే ఎత్తిపోతల. వానలు వెనుకపట్టిన పిమ్మట కూడ ఆ ధార బొత్తిగా ఎండిపోకుండ సాగరము కుడికాలువ నీరు ఆదుకొనుచుండును. అచ్చట కొలువైయున్న దత్తాత్రేయస్వామిని సేవించుటకు సుగాలీ కుటుంబములు చుట్టుపట్ల తండాలనుండియే గాక దూరప్రాంతములనుండియు తరలివచ్చుచుండును. మడుగులో మొసళ్ళు గలవు. ఎదుటి గట్టున యాత్రికులు నిలిచి చూచుటకు పర్యాటకాభివృద్ధి సంస్థవారు ఏర్పరచిన చోటు గలదు. ఈ స్థలసౌందర్యమును వర్ణించిన ప్రసంగములు మీరు వినియే యుందురు. నేడు నేను మనవిచేయదలచిన విషయము వేరు. ఆ గట్టుమీద ఒక యాత్రికుడు పులిహోర తిని, విస్తరిని, దానితోపాటు ఖాళీ నీళ్ళసీసాను చరియమీదుగా క్రిందికి విసరినచో, అతనిని నిలువరించి అడుగగల అధికారము చట్టరీత్యా ఎవరికి గలదు? “అడుగుటకు నీవెవరు?” అని అతడు తిరిగి ప్రశ్నించినచో, ఆ ప్రశ్నకు సమాధానము ఏ శాసనములో, ఏ నిబంధనలో వ్రాయబడియున్నది?

పైకి అల్పముగా కనుపించు ఈ ప్రశ్నలోనే మన స్థానిక పరిపాలన చిక్కులన్నియు ఇమిడియున్నవి. ఇట్టి స్థలములలో ఊరి హద్దు గ్రామపంచాయతీది, ప్రక్కనున్న అడవి అటవీశాఖది, అతిథిగృహమును యాత్రికుల వసతులును పర్యాటక సంస్థవి, కాలువ నీరు జలవనరుల శాఖది, తోపులాట జరిగినచో పిలువబడువారు పోలీసులు. ప్రతి శాఖకును ఒక చట్టము గలదు. మడుగులోని మొసలికి హాని తలపెట్టినవానిని దండించుటకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సిద్ధముగా నున్నది. అదే మడుగులోనికి ప్లాస్టిక్ సంచి విసరినవాని సంగతి వచ్చునప్పటికి మాత్రము అది ప్రక్కవారి పని యని ఏ శాఖకు ఆ శాఖ తలచును. అధికారములు ఇన్ని చేతులలో నుండుట తప్పు కాదు. ఆ చేతులు ఒకదానిదొకటి ఎచ్చట మొదలగునో ఎచ్చట ముగియునో వ్రాసిపెట్టుకొనకుండుటయే తప్పు. అట్లు వ్రాసిపెట్టుకొనుటకు చట్టము చూపిన సాధనమే ఉపవిధులు, అనగా కచేరీలలో బైలాలని వ్యవహరింపబడుచున్న స్థానిక నిబంధనలు.

1992లో పార్లమెంటు ఆమోదింపగా 1993లో అమలులోనికి వచ్చిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు గ్రామములకును పట్టణములకును స్వపరిపాలనను రాజ్యాంగపు హక్కుగా చేసినవి. పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు 29 విషయములు, పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు 18 విషయములు పేర్కొనబడినవి. ఆ పిమ్మట వచ్చిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము, అంతకు పూర్వమే యున్న 1965 నాటి పురపాలక చట్టము, ఆయా సంస్థలకు తమ ఎల్లలలో పారిశుద్ధ్యము, సంతలు, వీధులు, నీటివనరులు మొదలైనవాటిని గురించి, చట్టము నిర్దేశించిన పై అధికారుల ఆమోదముతో, ఉపవిధులు చేసికొను అధికారము నొసగినవి. నూరేండ్లు దాటిన నరసరావుపేట పురపాలక సంఘమునకును, నిన్నమొన్న నగరపంచాయతీలైన గురజాల, దాచేపల్లులకును, నాలుగు తండాలు కలసిన చిన్న పంచాయతీకిని ఈ అధికారము సమానమే. అయినను తన ఊరి వాగును, తన ఊరి సంతను, తన ఊరి తిరునాళ్ళను దృష్టియందుంచుకొని స్వయముగా ఉపవిధులు కూర్చుకొన్న పంచాయతీ మనకు అరుదుగా కనబడును. పైనుండి వచ్చిన నమూనా ప్రతిలో ఖాళీలు పూరించి, తీర్మానపుస్తకములో అంటించి, అంతటితో ముగించుటయే పరిపాటి. ఎత్తిపోతలకు ఎట్టి నిబంధన కావలెనో రాజధానిలో కూర్చుండి నమూనా వ్రాసిన ఉద్యోగికి తెలియుట కష్టము. గట్టుమీద మొక్కజొన్నకండెలు కాల్చి అమ్ముకొను మనిషికి తెలియును.

స్థానిక నిబంధనలు వ్రాయు విద్య మన దేశమున క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో నగరపాలకుని విధులను చెప్పు ప్రకరణము గలదు. వీధిలో మట్టిపెంటలు పోసినవానికి పణములో ఎనిమిదవ వంతు జరిమానా. బురదనీటితో దారిని అడ్డగించినవానికి నాలుగవ వంతు. రాజమార్గమునందైనచో ఇవి రెట్టింపు. పుణ్యస్థలమున, నీటివనరులయొద్ద, దేవాలయమున మలవిసర్జనము చేసినవానికి క్రమముగా హెచ్చు దండనములు. ఇంతవరకు కఠినమే. కాని వెంటనే ఆ శాస్త్రకారుడు, మందు వలన గాని, రోగము వలన గాని, భయము వలన గాని ఆ పని జరిగినచో దండనము లేదని చేర్చెను. ఆ ఒక్క మినహాయింపు చదివినప్పుడెల్ల నాకు ఆ గ్రంథకర్తపై గౌరవము ఇనుమడించును. నిబంధన వ్రాయువాడు వీధిని చూచి, ఆ వీధిలో నడచు రోగిని కూడ చూచినవాడై యుండవలెను. ఎత్తిపోతల తిరునాళ్ళకు వచ్చిన ముదుసలికి చాటైన చోటు ఒక్కటియు కట్టింపకుండ, బహిర్భూమికి పోయినందుకు జరిమానా వేయు పంచాయతీ యున్నచో, దాని నిబంధన పుస్తకములో నిలుచును గాని న్యాయమునందు నిలువదు.

ఉపవిధి న్యాయస్థానమున నిలుచుటకు ఏమేమి కావలెనో రెండు తీర్పులు తేటపరచినవి. ఒకటి ఆంగ్లదేశములో 1898లో వెలువడినది. కెంటు కౌంటీ మండలివారు, నివాసగృహమునకు 50 గజములలోపల వీధిలో పాడుట గాని వాద్యము మ్రోగించుట గాని చేయువాడు, ఆ యింటివారో పోలీసువారో మానుమని కోరిన పిమ్మట మానక పోయినచో శిక్షార్హుడని ఉపవిధి చేసిరి. క్రూజ్ అనునతడు వీధిలో భక్తిగీతము పాడి, మానక, శిక్షకు లోనై, ఆ నిబంధనయే చెల్లదని వాదించెను. ప్రధాన న్యాయమూర్తి రస్సెల్ ప్రభువు, ప్రజలెన్నుకొన్న స్థానిక మండలి చేసిన నిబంధనను న్యాయస్థానములు సానుభూతితో చదువవలెననియు, అది పక్షపాతముతోనో దుర్బుద్ధితోనో చేయబడినదైనచో, వర్గమునకు వర్గమునకు భేదము పాటించినదైనచో, లేక ప్రజలను నిష్కారణముగా పీడించునదైనచో మాత్రమే కొట్టివేయవలెననియు నిర్ణయించెను. న్యాయమూర్తులలో మాథ్యూ అనునాయన ఒప్పుకొనక భిన్నాభిప్రాయము వ్రాసెను. ఆ వాదము నేటికిని సజీవమే. మన ఊళ్ళలో గుడిమైకులను గూర్చి, పెండ్లి ఊరేగింపు బాజాలను గూర్చి జరుగు తగవులలో ఇరుపక్షములవారును తమకు తెలియకుండగనే కెంటు కౌంటీ వాదనలను తిరిగి చెప్పుచుందురు.

రెండవది మన సుప్రీంకోర్టు 1951లో హర్లా అను సామాన్యుని వ్యాజ్యములో ఇచ్చిన తీర్పు. జయపూరు సంస్థానపు మంత్రిమండలి 1923లో నల్లమందును గూర్చి ఒక చట్టమును తీర్మానించి, దానిని ప్రకటింపక, గెజెట్టులో అచ్చువేయింపక, బీరువాలో నుంచుకొనెను. అనేక సంవత్సరముల తరువాత ఆ చట్టము క్రింద హర్లాకు 50 రూపాయల జరిమానా పడెను. ఆ స్వల్పమైన జరిమానాపై ఆ మనిషి దేశపు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయెను. జస్టిస్ వివియన్ బోస్, జనులకు తెలుపబడని శాసనముచేత జనులను శిక్షించుట ప్రకృతిన్యాయమునకు విరుద్ధమని చెప్పి శిక్షను రద్దుచేసెను. మన పంచాయతీ కార్యాలయములలో తీర్మానపుస్తకపు పుటలలో మాత్రమే జీవించుచున్న ఉపవిధులు ఎన్ని గలవో తలచుకొనుడు. దండోరా వేయింపక, గోడమీద అంటింపక, గ్రామసభలో చదివి వినిపింపక, గట్టుమీద యాత్రికుని పట్టుకొని “నిబంధన యున్నది” అన్నంత మాత్రమున అది నిబంధన కాజాలదు. సుగాలీ భాష మాటలాడు యాత్రికులు వేలాదిగ వచ్చుచోట, ఆ దండోరా ఆ భాషలో కూడ వేయింపవలెనని ప్రత్యేకముగా చెప్పవలసిన పనిలేదు.

ఇక అమలును గురించి. ఈ పల్నాటి ప్రాంతములోనే యొక పట్టణములో, మూసియున్న దుకాణపు తలుపుమీద అంటించిన ఒక నోటీసును నేను నిలుచుండి నింపాదిగా చదివితిని. అది అచ్చువేసిన కాగితము. ఖాళీలు బాల్ పెన్నుతో పూరింపబడినవి. ఎవరికి అనుచోట పేరు లేదు, “ఆక్రమణదారునకు” అని మాత్రమే యున్నది. ఏ సెక్షను క్రింద అనుచోట చుక్కలు చుక్కలుగనే మిగిలిపోయినవి. ఎన్ని అడుగులు ముందుకు వచ్చినదో, ఏ కొలత ననుసరించి వచ్చినదో చెప్పబడలేదు. తేదీ ఒకసారి వ్రాసి, దానిపైననే మరల దిద్దబడినది. ఇరువదినాలుగు గంటలలో తొలగింపనిచో ఖర్చులతో సహా తామే తొలగింతుమని క్రింద బెదిరింపు. ఆ క్రింద పేరు తెలియని సంతకము, సగము పడిన రబ్బరు ముద్ర. ఆ దుకాణము నిజముగా కాలువమీదికి జరిగియుండవచ్చును. వానకాలమున ఆ వీధివారి ఇండ్లలోనికి మురుగు పొంగుటకు అదియే కారణమై యుండవచ్చును. అయినను ఆ కాగితమును చేతబట్టుకొని హైకోర్టుకు పోయిన దుకాణదారునకు స్టే లభించుట నిశ్చయము. ఆ స్టే ఎత్తివేయించుటకు పట్టు కాలములో మురుగు ఎన్ని వానలకు పొంగునో ఆ వీధివారికే తెలియును. పురపాలక సంఘము వ్యాజ్యములో ఓడిపోవుట చట్టము బలహీనమైనందువలన కాదు. ఒక్క కాగితమును శ్రద్ధగా వ్రాయనందువలన.

ఈ విషయముననే సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న, జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్ గార్ల ధర్మాసనము ద్వారా, దేశమందలి స్థానిక సంస్థలకెల్ల వర్తించు మార్గదర్శకములను విధించెను. కట్టడమును కూల్చుటకు ముందు కారణము చూపుమని నోటీసు ఇచ్చి, కనీసము 15 దినములు గాని, స్థానిక చట్టము అంతకన్న హెచ్చు గడువు చెప్పినచో అంత గాని, వేచియుండవలెను. నోటీసును రిజిష్టరు తపాలాలో పంపుటయేగాక కట్టడముపై అంటింపవలెను. యజమాని మాట స్వయముగా వినవలెను. విన్న పిమ్మట కారణములు వ్రాసి ఉత్తర్వు నీయవలెను. ఆ ఉత్తర్వు తరువాత మరల 15 దినములు, తానే తొలగించుకొనుటకో, పై న్యాయస్థానమున మొరపెట్టుకొనుటకో అవకాశమీయవలెను. వీనిని అతిక్రమించిన అధికారి తన సొంత డబ్బుతో నష్టపరిహారము చెల్లింపవలసివచ్చును. ఇంతటి రక్షణ కల్పించిన అదే తీర్పు, రహదారి, వీధి, కాలిబాట, రైలుమార్గపు ప్రక్కచోటు, నది, జలాశయము వంటి బహిరంగ స్థలముల నాక్రమించిన అనధికార కట్టడములకు ఈ మార్గదర్శకములు వర్తింపవని కూడ చెప్పినది. ఈ మినహాయింపు మన ఎత్తిపోతలకు అత్యంత ముఖ్యము. చంద్రవంక గర్భములో రేకులు వేసి హోటలు పెట్టినవాడు ఈ రక్షణను కోరజాలడు. అంతమాత్రమున వానికి ఒక మాటైనను చెప్పకుండ సామాను వాగులో పడవేయవచ్చునని అర్థము కాదు. ప్రకృతిన్యాయము వాగు ఒడ్డున కూడ ప్రకృతిన్యాయమే.

రేకులషెడ్డువాని సంగతి అట్లుండగా, తలమీద గంపతో జామకాయలు తెచ్చి అమ్ముకొను స్త్రీ సంగతి యేమి? ఇచ్చట చట్టములో నొక విచిత్రమైన ఖాళీ గలదు. వీధివర్తకుల జీవనోపాధిని రక్షించుటకు 2014లో పార్లమెంటు చేసిన చట్టము ప్రకారము, ప్రతి పట్టణమునందును వర్తకుల లెక్క తీయవలెను. పట్టణ వర్తక సమితిలో కనీసము నూటికి 40 మంది వర్తకులే సభ్యులుగా నుండవలెను. లెక్క ముగియకుండ ఎవ్వరిని లేపివేయరాదు. లేపవలసివచ్చినను 30 దినముల నోటీసు కావలెను. మాచర్ల వీధిలో తోపుడుబండి నిలిపినవానికి ఈ రక్షణ యంతయు గలదు. కాని ఆ చట్టము చెప్పు స్థానిక సంస్థలు మునిసిపాలిటీలు, కార్పొరేషనులు, నగరపంచాయతీలు మొదలైనవే. గ్రామపంచాయతీ అందులో లేదు. కావున అదే స్త్రీ అదే గంపను ఎత్తుకొని మాచర్ల దాటి ఎత్తిపోతల గట్టునకు వచ్చిన మరుక్షణమున ఆ చట్టపు నీడనుండి వెలికివచ్చినది. రాజ్యాంగములోని వృత్తిస్వాతంత్ర్యము, జీవనహక్కు ఆమెకు ఎచ్చటనైనను గలవు. అయితే ఆ హక్కులను నిరూపించుకొనుటకు ఆమె పోవలసినది అమరావతిలోని హైకోర్టునకు. యాత్రికులవలన గ్రామములు పట్టణములంత రద్దీని పొందుచున్న ఈ కాలమున, పట్టణపు వర్తకునికిగల రక్షణను తన గట్టుమీది వర్తకునికి పంచాయతీయే తన ఉపవిధిలో వ్రాసి ఈయవచ్చును. క్రొత్త చట్టము కొరకు ఎదురుచూడకుండ, నేడే మొదలుపెట్టదగిన పని యిది. గుర్తింపు చీటీ ఇచ్చి, నిలుచుచోటు చూపించి, చెత్తకు బుట్ట పెట్టు బాధ్యత అమ్మువారిపైన ఉంచినచో, వారే ఆ గట్టునకు మొదటి కావలివారు కాగలరు.

స్థానిక సంస్థల చేతిలోని మరియొక అధికారమైన పన్నుల మాట వచ్చునప్పటికి ఈ గుంటూరు సీమవారికి నేను చరిత్ర చెప్పనక్కరలేదు. అయినను యువశ్రోతలకొరకు చెప్పుచున్నాను. అప్పటి గుంటూరు జిల్లాలోని చీరాల పేరాలలను మద్రాసు ప్రభుత్వమువారు జనుల కోర్కెతో నిమిత్తము లేకుండ మునిసిపాలిటీగా మార్చిరి. పన్నులు అనేక రెట్లు పెరిగినవి. చేనేతపై బ్రదుకు ఆ జనులు, తమకు మునిసిపాలిటీ వలదనియు, దాని పన్నులు భరింపజాలమనియు ఎన్ని విన్నపములు పంపినను ఫలింపలేదు. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలాది జనులు తమ ఇండ్లకు తాళములు వేసి, మునిసిపల్ ఎల్లలు దాటి, రామనగరమను పాకలలో నెలల తరబడి ఎండవానలకు ఓర్చి నిలిచిరి. చట్టమును ఉల్లంఘింపక, చట్టపు ఎల్లను దాటిపోయి వారు చేసిన ఆ నిరసన లోకములోని స్వపరిపాలనా చరిత్రలయందే అరుదైనది. ఆ మరుసటి సంవత్సరమే, 1922 ఫిబ్రవరిలో, మన పల్నాటి మించాలపాటిలో, అడవిలో పశువులు మేపుటకు కట్టవలసిన పుల్లరిని నిరాకరించిన కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఎత్తిపోతల చుట్టునున్న అడవి ఆ అడవికి దూరమైనది కాదు.

ఆనాడు పరప్రభుత్వము గనుక అట్లు జరిగినదని చెప్పి ఊరకుండరాదు. 2021 తరువాత మన పట్టణములలో ఇంటింటి చెత్తసేకరణకు రుసుము విధింపగా, దానిని జనులు చెత్తపన్నని పిలిచి కట్ట నిరాకరించుటయు, కట్టనివారి వాకిళ్ళముందు చెత్త వేయుటవంటి అవివేకపు పనులు కొన్నిచోట్ల జరిగినట్లు పత్రికలలో వచ్చుటయు, తుదకు 2024 అక్టోబరు 2న దానిని రద్దుచేయుచున్నట్లు ప్రభుత్వము ప్రకటించుటయు మీరెరుగుదురు. సేకరణకు ఖర్చగుట నిజము. ఆ ఖర్చు ఎవరో భరింపవలెననుటయు నిజము. కాని ఎంత ఖర్చగుచున్నదో, ఏ వీధికి ఎన్నిసార్లు బండి వచ్చునో, బండి రాని వారమున రుసుము తగ్గునో లేదో ముందుగా వార్డుసభలో చెప్పి ఒప్పించిన పురపాలకులు ఎందరు? గురజాల, దాచేపల్లి నగరపంచాయతీలై 2021 నవంబరులో తొలి ఎన్నికలు జరుపుకొన్నవి. ఊరు పట్టణమగునప్పుడు ఇంటిపన్ను, ఖాళీస్థలపు పన్ను, కట్టడముల ప్లాను రుసుములు మారును. నిన్నటివరకు గొడ్లచావడి వేసికొన్నవాడు నేడు ప్లాను చూపింపవలసివచ్చును. ఆ మార్పును ముందుగా నచ్చజెప్పని పాలకులు చీరాల పేరాల చరిత్రను చదువని వారే.

అనుమతిలేని కట్టడములను రుసుము కట్టించుకొని క్రమబద్ధము చేయు పథకములను గూర్చి ఒక్కమాట చెప్పి ముందుకు పోయెదను. 2007లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో మరియొకసారి ఇట్టి అవకాశములు వచ్చినవి. తెలియక తప్పుచేసిన పేదవానికి ఒక్కసారి మన్నింపు ఉండవచ్చును. పదేపదే వచ్చు మన్నింపు మాత్రము, నియమము ప్రకారము మూడుప్రక్కల ఖాళీ విడిచి చిన్న ఇల్లు కట్టుకొన్నవానికి, గోడ గోడకు తగిలించి మూడంతస్తులు లేపినవానికి భేదము లేకుండచేయును. ఇది స్థానిక సంస్థ చేతిలోని నోటీసు విలువను కూడ తగ్గించివేయునని నా దృఢాభిప్రాయము.

“మాకు నిధులు లేవు, సిబ్బంది లేరు” అను మాట ప్రతి సర్పంచి నోటను, ప్రతి కమిషనరు నోటను వినుచున్నాము. ఆ మాటలో సత్యమున్నది. పారిశుద్ధ్య కార్మికులకు నెలనెల వేతనము అందించుటయే కష్టమగు పంచాయతీలను నేనెరుగుదును. అయినను న్యాయస్థానము ఆ సమాధానమును ఒప్పుకొనలేదు. మధ్యప్రదేశములోని రత్లాం పట్టణమున, మురుగుకాలువలు లేక, సారాబట్టీ మురుగు వీధులలో పారుచుండగా, ఆ వీధులవారు మేజిస్ట్రేటునొద్ద మొరపెట్టుకొనిరి. కాలువలు కట్టింపుడని మేజిస్ట్రేటు ఆజ్ఞాపింపగా, డబ్బు లేదని మునిసిపాలిటీ సుప్రీంకోర్టు వరకు పోయెను. 1980లో జస్టిస్ కృష్ణయ్యరు, మన తెలుగువారైన జస్టిస్ చిన్నపరెడ్డి గార్లు, ధనాభావము చూపి పురపాలక సంఘము తన ప్రధానకర్తవ్యమునుండి తప్పించుకొనజాలదని తీర్పు చెప్పి, గడువు పెట్టి పనులు చేయింపుమని శాసించిరి. ఆనాడు నేరవిచారణ స్మృతిలోని 133వ సెక్షను క్రింద పౌరులకు దక్కిన ఆ సాధనము, నేడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షనుగా నిలిచియున్నది. పెద్ద వకీలు అవసరము లేకుండ, వీధివారు కొందరు కలసి సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఈ సంగతి తెలిసినవారు కొద్దిమంది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలసి అతిసారము ప్రబలి పలువురు మరణించినప్పుడు, ప్రాణములు పోయిన పిమ్మట విచారణలు జరిగినవి. పైపు పగిలి నీరు రంగు మారినప్పుడే అట్టి అర్జీ ఒక్కటి పడియున్న యెడల ఎంత మేలయ్యెడిదో!

మరల ఎత్తిపోతలకు వచ్చెదను. 2016 నాటి ఘనవ్యర్థముల నిర్వహణ నియమములు పట్టణములకేగాక పుణ్యక్షేత్రములకు, చారిత్రక ప్రాధాన్యముగల స్థలములకు కూడ వర్తించునని చెప్పి, తడిచెత్త పొడిచెత్త వేరుచేయుటను, అందుకు ఉపవిధులు చేసికొనుటను విధించినవి. 2022 జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు కొన్ని దేశమంతట నిషిద్ధములైనవి. ప్లాస్టిక్ కప్పులు, పళ్ళెములు, చెంచాలు ఆ జాబితాలోనివే. నీళ్ళసీసా ఆ జాబితాలో లేదు. చరియల సందులలో చిక్కుకొని కనుపించువానిలో సీసాల సంఖ్యయే హెచ్చు. కేంద్రపు నిషేధము విడిచిపెట్టిన ఆ సీసాను స్థానిక ఉపవిధియే పట్టుకొనవలెను. గట్టునకు పోవు ద్వారమువద్ద సీసాకొక చీటీ అంటించి, స్వల్పమొత్తము ధరావతుగా తీసికొని, ఖాళీసీసా తిరిగి చూపినప్పుడు సొమ్ము వాపసు చేయు పద్ధతి నీలగిరుల వంటిచోట్ల సారాదుకాణములలో అమలైనదే. గట్టున సీసాను విసరినవాని వెంటబడి పరుగెత్తుటకన్న, విసరుటకు ఇచ్చగింపకుండునట్లు చేయుట పంచాయతీకి తేలిక. ఆ ద్వారము పర్యాటక సంస్థవారి యధీనములోనిదైనచో, పంచాయతీ తీర్మానమును, సంస్థ ఒప్పుదలను, అటవీశాఖ సమ్మతిని ఒక్క కాగితముమీద కూర్చి, కలెక్టరు సమక్షమున సంతకములు చేయించుకొనవలెను. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఈ పల్నాడు జిల్లాకు కలెక్టరు నరసరావుపేటలోనే యున్నాడు గనుక, మునుపటివలె గుంటూరు వరకు పోవలసిన పనిలేదు.

గ్రామసభ ముందుంచు ఆ ఉపవిధి ప్రతి నాలుగు పుటలకు మించరాదని నా మనవి. బండ్లు, గంపలు నిలుచుచోటు కొలతలతో సహా. స్నానము చేయదగిన చోటును, మొసళ్ళవలన చేయరాని చోటును. తిరునాళ్ళ దినములలో ఎన్ని మరుగుదొడ్లు, ఎన్ని నీళ్ళతొట్లు పంచాయతీ ఏర్పాటు చేయవలెనో. సీసా ధరావతు ఎంతయో, ఆ లెక్క ఎవరు వ్రాయుదురో, ప్రతి నెల ఆ లెక్క ఏ గోడపై అంటింపబడునో. జరిమానా వేయు ఉద్యోగి ఎవరో, అతడు చీటీ ఇవ్వనిచో కట్టనవసరము లేదను మాటయు అందులో నుండవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, జరిమానా పడినవాడు తనకు అన్యాయము జరిగినదని తలచినచో ఎవరితో చెప్పుకొనవలెనో వ్రాయవలెను. ఆ మొర వినువాడు 70 కిలోమీటర్లకు పైబడిన దూరమున నరసరావుపేటలో నుండిన యెడల, రెండువందల రూపాయల జరిమానాకొరకు తండానుండి ఒక కూలిమనిషి ఒక దినపు కూలి పోగొట్టుకొని, బస్సుఖర్చు పెట్టుకొని పోజాలడు. పోజాలడని తెలిసి వేయబడు జరిమానాలు తప్పక పెరుగును. కావున నెలకొకసారి, ముందుగా చాటింపువేసిన దినమున, మండలాధికారి ఒకరు గట్టుమీదికే వచ్చి, చెట్టుక్రిందనైనను కూర్చుండి, ఆ నెలలో జరిమానా పడినవారి మాట విని, అక్కడికక్కడే కాగితముమీద తీర్పు వ్రాసి వారి చేతికీయవలెనను నిబంధనను ఆ నాలుగు పుటలలో మొదటి పుటయందే చేర్చుకొనవలసినదిగా ఆ గ్రామసభ సభ్యులను ప్రార్థించుచున్నాను.